ఖాతాలు తెరిపించారు సరే, ఆ క్రెడిట్లు తీసుకునేదెవరు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండళ్ల చైర్మన్లకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను రెండు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పాఠాలతో పాటు, పిల్లలు పాసైన పేపర్ల క్రెడిట్లు జమ చేసిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పని కూడా మా కాలేజీలో నాకే అప్పగించారు. పిల్లల చేత డిజిలాకర్‌లో ఖాతాలు తెరిపించడం, అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబర్లు సేకరించి యూనివర్సిటీకి పంపడం, పేర్లు కలవనివాళ్లను మళ్లీ ఆధార్ సెంటర్‌కి తోలడం, ఇదీ ఆ పని. ఎంత శాతం మందికి ఖాతాలు తెరిపించారు, మిగిలినవాళ్లకు ఎప్పటిలోగా తెరిపిస్తారు అని అడుగుతూ వచ్చిన సర్క్యులర్లు మా ఫైల్లో బోలెడు ఉన్నాయి. ఆ ఖాతాల్లో ఉన్న క్రెడిట్లు పట్టుకుని ఎంతమంది ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారగలిగారు అని అడిగిన సర్క్యులర్ మాత్రం ఒక్కటీ రాలేదు. అందుకే ఈ లేఖ.

2020 జాతీయ విద్యావిధానం ఈ విషయంలో చెప్పిన మాట మంచిది. చదువు మధ్యలో ఆగినా చదివినంత మేరకు వృథా పోకూడదు, ఊరు మారినా పాసైన పేపర్లు మళ్లీ రాసే పని ఉండకూడదు. దానికోసం యూజీసీ 2021 జూలైలో క్రెడిట్ బ్యాంక్ నిబంధనలు తెచ్చింది. ఒకసారి జమ అయిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయంది. 2022 డిసెంబరులో వచ్చిన కరికులం చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అంటే ఏడాదికి 40. మధ్యలో మానేసినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి వచ్చి చేరవచ్చు. వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టర్ చదివితే ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒకటి. ఈ లెక్క ఇచ్ఛాపురంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఒకటే.

అయితే ఖాతా ఎలా తెరవాలి, క్రెడిట్లు ఎవరు జమచేయాలి, ఎన్నాళ్లు నిలవుంటాయి అన్నవాటికి ఉన్నంత వివరం, ఆ క్రెడిట్లను ఇంకో యూనివర్సిటీ ఎప్పటిలోగా తీసుకోవాలి అన్నదానికి లేదు. కాదంటే ఎందుకు కాదందో చెప్పాలా, చెప్పకపోతే విద్యార్థి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇవన్నీ చేరబోయే యూనివర్సిటీ ఇష్టానికే మిగిలిపోయాయి. నా ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క చోటి గురించే.

ముందు అసలు కాలేజీ మారేది ఎవరో చూడండి. ఫిజిక్స్ ఒక చోట, సంగీతం ఇంకో చోట, డేటా సైన్స్ మరో చోట చదువుకుంటూ నచ్చిన డిగ్రీని పేర్చుకునే విద్యార్థి ఈ పథకం గురించిన ప్రసంగాల్లో కనిపిస్తాడు. మా దగ్గర అలాంటివాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. మా దగ్గర కాలేజీ మారేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఫస్టియర్ అయ్యాకో సెకండియర్ అయ్యాకో పెళ్లవుతుంది, అత్తగారి ఊరు వెళ్తారు. ఆ తర్వాత నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు, కౌలు కలిసిరాక హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్లిన కుటుంబాల పిల్లలు, హాస్టల్లో ఆరోగ్యం పాడై ఇంటికి వచ్చేసినవాళ్లు, అడ్మిషన్లు లేక ప్రైవేటు కాలేజీ మూతపడితే రోడ్డున పడ్డవాళ్లు. వీళ్లలో ఎవరూ సరదాకి కాలేజీ మార్చుకోవడం లేదు.

సరిహద్దులో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కోదాడలో చదివే పిల్ల మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. జగ్గయ్యపేటలో చదివే పిల్ల కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. మధిర, సత్తుపల్లి వైపు అయితే కాకతీయ. బస్సెక్కితే గంటలోపే సరిహద్దు దాటే ఊళ్లు ఇవి. పెళ్లిళ్లు, పేరంటాలు, పత్తి బేరాలు, ఆస్పత్రులు అన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా సంబంధాలు చూసేటప్పుడు ఎవరూ సరిహద్దు చూడరు. డిగ్రీ సెకండియర్ మెమోకి మాత్రం ఆ గంట ప్రయాణం పెద్ద దూరమైపోతుంది.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. పేరు, ఊరు, యూనివర్సిటీలు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఎక్కడైనా దాదాపు ఇలాగే జరుగుతుంది. బీకాం కంప్యూటర్స్, నాలుగు సెమిస్టర్లు బ్యాక్‌లాగ్ లేకుండా పాసైంది. వేసవిలో పెళ్లయింది. అత్తగారి ఊళ్లో నడిచి వెళ్లేంత దూరంలో డిగ్రీ కాలేజీ ఉంది, బీకాంలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి, ప్రిన్సిపాల్ చేర్చుకుంటానన్నారు. అత్తగారు కూడా చదువుకోమనే అన్నారు, మన దగ్గర అది చిన్న విషయం కాదు. ఇక యూనివర్సిటీ అనుమతి ఒక్కటే కావాలి.

దానికి అడిగినవి: టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, పాత కాలేజీ ఎన్ఓసీ, కొత్త కాలేజీ ఎన్ఓసీ, పాత యూనివర్సిటీ ఎన్ఓసీ, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, స్టడీ, కాండక్ట్. ఇవన్నీ తిరిగి తెచ్చుకుంది. ఆ పైన, చదివిన ప్రతి పేపర్ సిలబస్ కాపీ, ప్రతి పేజీ మీద అటెస్టేషన్. వెబ్‌సైట్‌లో ఉన్నది కొత్త బ్యాచ్ సిలబస్, తన బ్యాచ్‌ది తీసేశారు. నా బీరువాలో పాత ప్రతులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఆగేది. ఆ కట్ట పట్టుకుని వెళ్తే, సిలబస్‌లు తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూసి, పేపర్లు సమానమేనని ఈక్వివలెన్స్ ఇవ్వాలి, మీటింగ్ ఎప్పుడుంటుందో చెప్పలేం అన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఫైలు ప్రాసెస్‌లో ఉందనే జవాబు. అయిదో సెమిస్టర్ క్లాసులు మొదలయ్యాయి, సగమయ్యాయి, పరీక్ష ఫీజు గడువు కూడా దాటిపోయింది. తర్వాత జవాబు వచ్చింది. కొన్ని పేపర్లు సమానం కావు, కావాలంటే వచ్చే ఏడాది మూడో సెమిస్టర్లో చేరవచ్చు, లేదా ఆన్‌లైన్ అడ్మిషన్లలో కొత్తగా ఫస్టియర్‌కే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఏ పేపర్లు సమానం కాలేదో నేను చూశాను. కార్పొరేట్ అకౌంటింగ్ మా దగ్గర ఒక సెమిస్టర్లో ఉంటే అక్కడ ఇంకో సెమిస్టర్లో ఉంది. రెండు చోట్లా షేర్ల జారీ, డిబెంచర్లు, కంపెనీ తుది ఖాతాలు ఇవే అధ్యాయాలు. ఇంకో పేపర్ మా దగ్గర రెండు భాగాలు, అక్కడ ఒక్కటే. మరొకటి పేరే వేరు, లోపల సరుకు అదే. బోర్డ్‌లో కూర్చున్న పెద్దలకు ఇది తెలియక కాదు. నేనూ కొన్నాళ్లు ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యురాలిగా ఉన్నాను. ఎజెండాలో సిలబస్ మార్పులు, పేపర్ సెట్టర్ల ప్యానెల్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. చివరి అంశంగా ఎవరో ఒక విద్యార్థి ఈక్వివలెన్స్ ఫైలు వస్తుంది. పేర్లు, సెమిస్టర్లు అచ్చంగా కలిస్తే సంతకం పెడతారు, కలవకపోతే తేడాలు ఉన్నాయని రాసి పక్కన పెడతారు. తిరస్కరిస్తే ఎవరూ ఏమీ అడగరు, ఒప్పుకుంటే రేపు ఏ ఆడిట్‌లోనో ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతారేమోనని భయం. ఆ భయం న్యాయమైనదే. దాన్ని తీసేయాల్సింది మీరు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది. జీఎస్టీ రిటర్నులు వేస్తుంది, టాలీలో ఎంట్రీలు చూస్తుంది. సమానం కాదని చెప్పిన పేపర్లలో నేర్చుకున్నదే చేస్తోంది. జీతం మాత్రం ఇంటర్ పాసైనవాళ్లకు ఇచ్చేదే.

ఈ కథలో క్రెడిట్ బ్యాంక్ ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. ఉంది. ఆమెకు అపార్ నంబర్ ఉంది, పన్నెండు అంకెలది. కానీ క్రెడిట్లు విద్యార్థి తనంతట తాను జమ చేసుకోలేదు, సంస్థే చేయాలి. మొదటి రెండు సెమిస్టర్లవి ఖాతాలో పడ్డాయి, తర్వాతవి పడలేదు. కారణం కనుక్కుంటే, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చారు, టెన్త్ మెమోలో పుట్టింటి పేరు ఉంది, రెండూ కలవడం లేదన్నారు. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం, ఆధార్‌లో కొందరికి చివర ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరమే ఉంటుంది. పెళ్లయితే అది కూడా మారుతుంది. కాలేజీ మారే అవసరం ఎక్కువగా ఎవరికి వస్తుందో, సరిగ్గా వాళ్ల ఖాతాలే ఈ వ్యవస్థలో ముందు ఆగిపోతున్నాయి. టెన్త్ మెమోలో ఉన్న పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబర్ కలిస్తే చాలు, ఇంటిపేరు తేడా ఉన్నా క్రెడిట్లు జమ చేయండని యూనివర్సిటీలకు చెప్పగలరా? సాఫ్ట్‌వేర్ కేంద్రానిది, మా చేతుల్లో లేదంటే, రెండు మండళ్లూ కలిసి ఢిల్లీకి ఒక ఉత్తరమైనా రాయండి. ఇంటిపేరు గొడవ మనకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు.

ఇంకో చిక్కు నిబంధనల్లోనే ఉంది. విద్యార్థి కనీసం సగం క్రెడిట్లు సొంత సంస్థలో సంపాదించాలని యూజీసీ షరతు. సెకండియర్ పూర్తిచేసి వచ్చిన పిల్లకు 120లో 80 అయిపోయాయి, మిగిలినవి 40. కొత్త యూనివర్సిటీని సొంత సంస్థ అనుకుంటే అక్కడ 60 చేయాలి, అంటే పాసైన 20 క్రెడిట్లు వదులుకుని ఇంకో సెమిస్టర్ అదనంగా చదవాలి. పాత యూనివర్సిటీని సొంత సంస్థ అనుకుంటే షరతు ఎప్పుడో తీరిపోయింది, మిగిలిన 40 ఎక్కడ చదివినా పాత యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వవచ్చు. ఈ రెండో దారి గురించి నేను అడిగిన ఏ ఆఫీసులోనూ స్పష్టమైన జవాబు రాలేదు. ఇది చాలా పెద్ద దారి, దయచేసి ఒకసారి ఆలోచించండి. ఇందాక చెప్పిన అమ్మాయి అత్తగారి ఊరి కాలేజీలో అయిదు, ఆరు సెమిస్టర్లు చదివి, ఆ క్రెడిట్లు మా యూనివర్సిటీ ఖాతాకి వస్తే, డిగ్రీ మేమే ఇస్తాం. అప్పుడు ఈక్వివలెన్స్ చూడాల్సింది రెండేళ్ల పేపర్లకు కాదు, ఒక్క ఏడాది పేపర్లకే. కొత్త యూనివర్సిటీకి డిగ్రీ ఇచ్చే బాధ్యత ఉండదు కాబట్టి అనుమానాలూ తగ్గుతాయి. నిబంధన అడ్డు రాదనే నా నమ్మకం. ఎవరో ఒకరు ఔనని కాగితం మీద రాయాలి, అంతే.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. ప్రమాణాలు ఒకేలా లేవంటారు. నిజమే. కొన్ని చోట్ల ఇంటర్నల్ మార్కులు పప్పుబెల్లాల్లా పంచుతారని లెక్చరర్లందరికీ తెలుసు. హాజరు లేకుండా పాసైన మెమోలు నేనూ చూశాను. అటానమస్ కాలేజీలు సొంత సిలబస్ పెట్టుకుంటాయి, ప్రైవేటు యూనివర్సిటీల గ్రేడింగ్ ధోరణే వేరు. అయితే ఆ కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇచ్చింది, ఏటా పొడిగిస్తున్నది యూనివర్సిటీలే. ఆ మెమోల మీద కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ సంతకం ఉంది. ఆ సంతకంతో ఆ విద్యార్థి మూడేళ్లు పూర్తి చేసుకుని వస్తే ఎంకాంలో సీటిస్తాం, గ్రూప్స్ రాయనిస్తాం, బీఈడీకి అర్హుడంటాం. రెండేళ్లకే వస్తే అదే సంతకం మీద నమ్మకం లేదంటే ఎలా?

నమ్మకం పెట్టడం మనకు రాక కాదు. మూడేళ్ల పాలిటెక్నిక్ చదివినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లకూ ఆ దారి ఉంది. ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు ఇది, దానివల్ల ఇంజనీరింగ్ ప్రమాణాలు పడిపోయాయని ఎవరూ అనలేదు. పడిపోవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, అది వేరే లేఖ. జేఎన్టీయూల్లో రెగ్యులేషన్, అంటే సిలబస్‌తో పాటు పరీక్షల నియమావళి, మారినప్పుడు, డిటైన్ అయి వెనకబడ్డ పిల్లలు కొత్త రెగ్యులేషన్‌లోకి వస్తారు. పాత సిలబస్‌లో ఏ సబ్జెక్టు పాసైతే కొత్తదాంట్లో ఏది రాయనక్కర్లేదో, ఏది అదనంగా రాయాలో సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టుల పట్టిక ఇస్తారు. ఆ పట్టిక అందరికీ ఒకటే. ప్రతి విద్యార్థి కోసం బోర్డ్ కూర్చోదు. నేను అడుగుతున్నది కూడా అలాంటి పట్టికే. డిటైన్ అయిన పిల్లలకు ఉన్న వెసులుబాటు, అన్నీ పాసై అత్తగారింటికి వెళ్లిన పిల్లకు లేకపోవడం ఏమి న్యాయం?

కేంద్రం ఆన్‌లైన్ కోర్సులు నడిపే స్వయం పోర్టల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూజీసీ 2021 స్వయం నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్లో 40 శాతం వరకు కోర్సులు స్వయంలో ఆన్‌లైన్‌లో చేసినా క్రెడిట్లు ఒప్పుకోవచ్చు. ఎక్కడో ప్రొఫెసర్ రికార్డు చేసిన వీడియోలు చూసి పరీక్ష రాస్తే సరే అనే యూనివర్సిటీ, పక్క జిల్లాలో తరగతిలో కూర్చుని, ఇంటర్నల్స్ రాసి, సెమిస్టర్ పరీక్ష రాసి పాసైన పేపర్ ఒప్పుకోనంటోంది.

మన పిల్లలు అమెరికా వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్‌లో ట్రాన్‌స్క్రిప్ట్స్ వెళ్తాయి, అక్కడ ఒక మదింపు సంస్థ వాటిని చూసి అక్కడి లెక్కలోకి మార్చి రిపోర్టు ఇస్తుంది. దానికి ఫీజు ఎంత, ఎన్ని వారాలు పడుతుంది అన్నది ముందే తెలుస్తుంది. నల్లగొండ మెమో చికాగోలో చెల్లుతుంది, కృష్ణ దాటితే చెల్లదు.

అమెరికాలో అంతా బాగుందని కాదు. అక్కడి పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2004 నుంచి 2009 మధ్య కాలేజీలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అందులో అంచనా. క్రెడిట్ పద్ధతి మనకంటే ఎంతో ముందు మొదలుపెట్టినవాళ్ల పరిస్థితే అది. మనం 2015 తర్వాతే కదా సీబీసీఎస్ అని క్రెడిట్ల పద్ధతికి వచ్చింది. అయితే వాళ్ల దగ్గరే ఫ్లోరిడా రాష్ట్రం ఒక పని చేసింది. రాష్ట్రమంతటా కోర్సులకు ఉమ్మడి నంబర్లు పెట్టింది. ఆ పద్ధతిలో ఉన్న రెండు సంస్థల్లో సమానమని తేల్చిన కోర్సుకు నంబర్ ఒకటే, ఒక చోట పాసైతే రెండో చోట క్రెడిట్ ఇవ్వాల్సిందే, అది అక్కడి చట్టం. తిరస్కరించే అధికారం గుమాస్తాకూ లేదు, ప్రొఫెసర్‌కూ లేదు. యూరప్ దేశాలు కూడా ఏడాదికి 60 క్రెడిట్లని ఒక కొలత పెట్టుకుని, దేశం మారి చదివినదాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాయి. భాషలు, చట్టాలు వేరైన దేశాల మధ్యే అది సాధ్యమైంది.

మన రెండు రాష్ట్రాల్లో అయితే పని ఇంకా సులువు. డిగ్రీకి ఉమ్మడి కరికులం చట్రం తయారుచేస్తున్నది రెండు చోట్లా మండళ్లే. అంటే ఒక రాష్ట్రంలోని యూనివర్సిటీల మధ్య ఈక్వివలెన్స్ అనే మాటే రాకూడదు. మీరిచ్చిన చట్రంలో నుంచే వచ్చిన పేపర్‌ని మీ పక్క యూనివర్సిటీ పరిశీలించడమేమిటి? ముందు అక్కడ మొదలుపెట్టండి. ఉమ్మడి పేపర్లకు రాష్ట్రమంతటా ఒకే కోడ్ ఇవ్వండి. కోడ్ కలిస్తే ప్రిన్సిపాల్ స్థాయిలోనే చేర్చుకోవచ్చని ప్రభుత్వం చేత జీవో ఇప్పించండి.

రెండు రాష్ట్రాల మధ్య కొంత కష్టం ఉంది, ఒప్పుకుంటాను. ఆంధ్రప్రదేశ్ 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతికి వెళ్లింది. తెలంగాణలో బీఎస్సీ అంటే ఇప్పటికీ ఎక్కువగా మూడు సబ్జెక్టుల గ్రూపులే. జువాలజీ మేజర్‌గా రెండేళ్లు చదివిన పిల్ల ఇటు వస్తే బోటనీ, కెమిస్ట్రీ పేపర్లు తక్కువవుతాయి. ఒకే పేపర్‌కి ఒక చోట అయిదు క్రెడిట్లు, ఇంకో చోట నాలుగు ఉండటం ఇంకో తలనొప్పి. ఇక్కడ కొన్ని క్రెడిట్లు పోవడం తప్పదు. కానీ ఎన్ని పోతాయో దరఖాస్తు పెట్టకముందే తెలియాలి, ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో కూడా అప్పుడే తెలియాలి. ఒకటో రెండో క్రెడిట్ల తేడా అయితే వేసవిలో స్వయం కోర్సు చేయించండి, పేపర్ లోటయితే బ్యాక్‌లాగ్ రాసినట్టు సప్లిమెంటరీలో రాయనివ్వండి. తక్కువైన ఒక్క క్రెడిట్ కోసం ఏడాది చదివించకండి. బీకాం, బీఏల్లో ఈ బాధ కూడా అంత లేదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ లా, ఇన్‌కం ట్యాక్స్, కాస్ట్ అకౌంటింగ్ దేశమంతా ఒకటే. అందుకే బీకాంతో మొదలుపెట్టమంటున్నాను, నా సబ్జెక్టు కాబట్టి మాత్రమే కాదు.

మొబైల్ నంబర్ పోర్టింగ్ 2011లో దేశమంతటా వచ్చింది. ఏ కారణాలతో పోర్టింగ్ తిరస్కరించవచ్చో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ముందే రాసిపెట్టింది. ఆ కారణాల్లో ఒకటి లేకపోతే, ఇష్టమున్నా లేకపోయినా కంపెనీ వదలాల్సిందే, గడువులోపు. క్రెడిట్ల విషయంలో కూడా ఇలాగే ఉండాలి. ఒప్పుకోవడమే మామూలు కావాలి, ఒప్పుకోకపోతే ఎందుకో రాయాల్సిన భారం యూనివర్సిటీ మీద ఉండాలి. ఇప్పుడు అంతా తిరగేసి ఉంది. తన చదువు చదువేనని నిరూపించుకునే భారం పంతొమ్మిదేళ్ల పిల్ల మీద పెట్టారు. దరఖాస్తు అందిన ముప్పై రోజుల్లో పేపర్ వారీగా జవాబు రావాలి. రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఈలోగా విద్యార్థిని తాత్కాలికంగా క్లాసులో కూర్చోనివ్వాలి, ఆ హాజరు లెక్కలోకి రావాలి. తిరస్కరిస్తే మండలి స్థాయిలో అప్పీలు ఉండాలి.

డబ్బు విషయం ఒకటి మిగిలింది, అది చిన్నదేమీ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని, ఆ ఫీజు కడితేనే టీసీ ఇస్తామని చాలా ప్రైవేటు కాలేజీలు అంటున్నాయి. బకాయి ప్రభుత్వానిది, ఆపుతున్నది పిల్లల కాగితాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీల బాధ కూడా నాకు అర్థమవుతుంది, జీతాలివ్వలేక నడుపుతున్నవి ఉన్నాయి. కానీ టీసీ ఆపితే ఆ కాలేజీకి డబ్బు రాదు, ఆ పిల్ల చదువు మాత్రం పోతుంది. ఇక కొత్త కాలేజీకి మారాక రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందా, రాష్ట్రం మారితే స్థానికత ఏమవుతుంది అన్నదానికి ఒక్కో ఆఫీసులో ఒక్కో జవాబు. రెండు సంక్షేమ శాఖలూ కూర్చుని ఒక పేజీ రాస్తే ఈ టెన్షన్ తీరుతుంది. మూడో ఏడాది ఫీజు ఎవరు కడతారో తేలకపోతే, క్రెడిట్లు బదిలీ అయినా కొత్త ఇంట్లో ఆ ఫీజు అడగాల్సింది ఆ పిల్లే. కొత్త కోడలు ఆ మాట అడగదు. చదువు మానేస్తుంది.

అడ్మిషన్ల పోర్టళ్ల గురించి కూడా ఒక మాట. తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్ అయినా, ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లయినా ఫస్టియర్ కోసమే తయారయ్యాయి. సెకండియర్, థర్డియర్‌లో ఏ కాలేజీలో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. మధ్యలో మానేసినవాళ్ల సీట్లు మూడేళ్లూ ఖాళీగానే ఉండిపోతాయి. ఫస్టియర్ కౌన్సెలింగ్ అయిపోయాక, పై తరగతుల బదిలీల కోసం ఒక విడత తెరవండి. విద్యార్థి అపార్ నంబర్ వేస్తే ఏ కాలేజీలో ఏ పేపర్లు చెల్లుతాయో తెరమీద కనిపించాలి. ఖాతాలు ఉన్నాయి, పోర్టల్ ఉంది, లేనిది మధ్యలో ఆ పట్టికే.

ఆ పట్టిక ఎవరు తయారుచేయాలి అంటే, మేమే. లెక్చరర్లకు అది వేసవి సెలవుల్లో అయ్యే పని. రెండు మండళ్లూ కలిసి సబ్జెక్టుకి ఒక చిన్న కమిటీ వేయండి, ప్రతి యూనివర్సిటీ నుంచి ఒక్కరు చాలు. వాళ్లలో అనుబంధ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏ పేపర్‌లో నిజంగా ఏం చెబుతున్నారో వాళ్లకే తెలుసు. వాళ్లు సంతకం పెట్టిన పట్టికను రెండు ప్రభుత్వాలూ నోటిఫై చేస్తే, ఇందాక నేను చెప్పిన ఆడిట్ భయం పోతుంది.

మా డిపార్ట్‌మెంట్లో సీబీసీఎస్ మొదలైనప్పటి నుంచి వచ్చిన బీకాం సిలబస్‌లన్నీ బ్యాచ్ వారీగా దాచి ఉంచాం, స్కాన్ కూడా చేశాం. సరిహద్దుకు అటువైపు కాలేజీల్లో నాకు తెలిసిన అధ్యాపకులు వాళ్లవి ఇస్తామన్నారు. వచ్చే జూన్ అడ్మిషన్లలోపు బీకాం వరకైనా ఈ పని చేయాలనుకుంటే, కమిటీ మొదటి మీటింగ్ తేదీ మా కాలేజీకి తెలియజేయండి. ఆ ఫైళ్లన్నీ ముందురోజే పంపిస్తాం.

ఇట్లు,
సరిహద్దు జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీ కామర్స్ అధ్యాపకురాలు